ఎల్మర్ పాంగ్ ఇంట్లో ఎంతమంది

ఏప్రిల్ ఒకటి, గురువారం, గుడ్ ఫ్రైడేకి ముందురోజు. ఆ మధ్యాహ్నం ఒజెల్లా మిమ్స్ మొక్కజొన్న పిండి అద్ది వేయించిన చేప, ముందురోజు మిగిలిన టర్నిప్ ఆకుకూర తిన్నది. ఈ సంగతి ఆమె ఆరు వారాలుగా మూడు వందల గుమ్మాల ముందు చెప్పి ఉంటుంది. ఒకటో తారీకున ఇంట్లో ఎవరెవరున్నారని నేరుగా అడిగితే ఎల్స్‌బరీలో ఎవరికీ గుర్తు రాదు. నేను చేప తిన్నాను, మీరేం తిన్నారు అని అడిగితే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళముందుకు వస్తారు. జనాభా లెక్కల శిక్షణలో ఈ ఉపాయం ఎవరూ నేర్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో పిల్లల పళ్ళేల్లోకి వడ్డించిన మనిషికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇప్పుడు జూన్. పొద్దున ఎనిమిదికే తారు మెత్తబడింది. ఒజెల్లాకి అరవై ఏడేళ్ళు, ఎడమ మోకాలు వాచి ఉంది. నల్ల సంచీ ఒక భుజాన, మెడలో గుర్తింపు బిళ్ళ, నుదుటిమీద చెమట తుడుచుకోను మడిచి పెట్టుకున్న తడిగుడ్డ. మొదటి గుమ్మం చర్చి పెద్ద రూఫస్ టాల్‌బర్ట్‌ది. ఇద్దరూ నలభై ఏళ్ళుగా చర్చిలో ఒకే వరసలో కూర్చుని ప్రార్థన చేసినవాళ్ళు.

"మీది ఏ జాతి అన్నా?" అని అడిగింది.

"ఒజెల్లా, నీ కళ్ళకేమైనా శుక్లాలొచ్చాయా?"

"చూసి రాయకూడదు. అడిగి రాయాలి."

"అయితే స్వీడన్ వాణ్ణని రాసుకో."

ఆమె నిజంగానే పెన్సిల్ కాగితానికి ఆనించింది.

"ఆగాగు. మీ వదిన చూసిందంటే నన్ను స్వీడన్‌కే పంపిస్తుంది. నల్లవాణ్ణనే రాయి."

నవ్వుతూ రాసింది. కానీ ఆ నియమం ఆమెకి నవ్వులాట కాదు. తనకి ఏడేళ్ళప్పుడు లెక్కలాయన కారు దిగకుండానే వాళ్ళ ఇంటివైపు చూసి రాసుకుపోయాడు. అమ్మ వసారాలో బఠానీలు ఒలుస్తోంది. లేచి, చేతులు తుడుచుకుని, చెప్పడానికి సిద్ధంగా నిలబడింది. కారు వెళ్ళిపోయింది. ఏం రాసుకుపోయాడో అమ్మకి చచ్చేదాకా తెలియలేదు.

మధ్యాహ్నానికి పదకొండు ఇళ్ళు అయ్యాయి. సంచీలో ఒక్క ఫారం మిగిలింది. రెండుసార్లు వెళ్ళినా తలుపు తెరుచుకోని ఇల్లు. బీచమ్ వీధి చివర, పాంగ్ కిరాణా కొట్టు, దాని వెనక గదులు.

ఎల్స్‌బరీలో ఏడు వేల చిల్లర జనం. ఐదుగురిలో నలుగురు నల్లవాళ్ళు, మిగిలినవాళ్ళు ఇంచుమించు అందరూ తెల్లవాళ్ళు. పదేళ్ళ కిందటి పట్టికలో అట్టడుగున చైనావాళ్ళు తొమ్మిది మంది అని ఉండేది. ఆ తొమ్మిదిలో ఊళ్ళో ఉండిపోయింది ఎల్మర్ పాంగ్ ఒక్కడే. ఆయనా ఏప్రిల్ ఆరున పోయాడు. హ్యూస్టన్ నుంచి చెల్లెలి పిల్లలు వచ్చి, ఊరి బయట చైనావాళ్ళ స్మశానంలో, పదకొండేళ్ళ కిందట పోయిన భార్య విల్మా పక్కన పాతిపెట్టి, ఇల్లు తాళం వేసుకుని వెళ్ళిపోయారు.

మార్చిలో ఒజెల్లాకి ఈ ఉద్యోగం వచ్చిందని తెలిసి ఆయన తన కొట్టు ముందు ఆపి మాట తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని వింటే చర్చి పెద్ద రూఫస్ మాట్లాడినట్టే ఉండేది ఆయన యాస. "ఒకసారి తెల్లవాళ్ళలో రాశారు, ఒకసారి మీలో కలిపేశారు, ఒకసారి అసలు రానేలేదు. ఈసారి నువ్వొచ్చి అడుగమ్మా. నా నోటితో చెప్తాను," అన్నాడు. వస్తానంది.

ఒకటో తారీకున ఊపిరి ఉన్నవాళ్ళు లెక్కలోకి వస్తారు, తర్వాత పోయినా సరే. అంతకుముందు పోయినవాళ్ళు రారు. అయితే ఆయన ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నాడని ఎవరైనా చూసినవాళ్ళు చెప్పాలి. ఒజెల్లాకి తెలిసినది చెల్లదు. సాయంత్రంతో గడువు ముగుస్తుంది. పై అధికారి ట్రాస్క్ పొద్దునే ఫోన్ చేసి, చనిపోయినవాడి కొంప కోసం మోకాళ్ళు అరగదీసుకోవద్దు, ఖాళీ అని రాసి ఇచ్చెయ్యమన్నాడు. అలా రాస్తే పట్టికలో ఆ అడుగు వరస సున్నా అవుతుంది. ఎనభై నాలుగేళ్ళు ఈ ఊళ్ళోనే బతికిన మనిషి ఈ ఊళ్ళో ఎన్నడూ లేనట్టే.

ఒజెల్లా వచ్చి వెళ్ళిన ఆ రెండుసార్లూ పాంగ్ పక్కింటి ఎర్లీన్ గాడిస్ కూడా ఊళ్ళో లేదు. కంటి ఆపరేషన్‌కి మెంఫిస్‌లో కూతురింటికి వెళ్ళింది. ఇవాళ ఆవిడ వసారాలో ఉంది, నల్ల కళ్ళద్దాలు, ఒడిలో గిన్నె. బటర్ బీన్స్ ఒలుస్తోంది. ఎనభై రెండేళ్ళు.

"వచ్చావా పిల్లా," అంది. "ఆ కాళ్ళేంటి, గుమ్మడికాయల్లా? కూర్చో. ఒలుస్తూ అడుగు."

ఒజెల్లా గుప్పెడు కాయలు తీసుకుంది. "గుడ్ ఫ్రైడేకి ముందురోజు ఏం తిన్నావత్తా?"

ఎర్లీన్ ఆలోచించనే లేదు. గుడ్ ఫ్రైడేనాడు విత్తు నాటకపోతే ఆ ఏడు కాపు ఉండదని ఈ వీధిలో అందరిలాగే ఆవిడకీ గట్టి నమ్మకం. ముందురోజు విత్తనాలకని పాంగ్ దగ్గరికి వెళ్ళింది. కొట్టు మూసేసి ఐదేళ్ళయినా సొరుగులో విత్తనాలు ఉంచేవాడు. గుప్పెడు బటర్ బీన్స్ పొట్లం కట్టి ఇచ్చి, కూర్చోమని సార్డీన్ చేపల డబ్బా తెరిచాడు. ఉప్పు బిస్కెట్లతో తిన్నారు. ఈ గిన్నెలోవి ఆ విత్తనాల కాయలే.

సాక్ష్యం దొరికింది. ఒజెల్లా పెన్సిల్ తీసి మొదటి ప్రశ్న అడిగింది. ఏప్రిల్ ఒకటిన ఆ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు?

"ఇద్దరు," అంది ఎర్లీన్.

"అత్తా. విల్మా పోయి పదకొండేళ్ళయింది."

"తెలుసు. ఆ రోజు కోడికూర వండి తీసుకెళ్ళింది నేనే. ఎంతమంది ఉంటున్నారని కదా నువ్వడిగింది?" కాయ చీల్చి గింజలు గిన్నెలోకి రాల్చింది. "సార్డీన్లకి మూడు ఫోర్కులు పెట్టాడు. శనివారం వాన పడుతుందంటోంది విల్మా, రేపే నాటెయ్యి అన్నాడు. శనివారం పడింది. పొద్దున గోడవతల రెండు గొంతులు వినపడేవి. ఆయనదొకటి. రెండోది నేను ఎరగందేం కాదు."

ఒజెల్లాది చెయ్యెత్తి ప్రమాణం చేసి తీసుకున్న పని. 1 అని రాసింది. పేరు, వయసు, చైనా జాతి అని గడిలో గుర్తు.

"ఎంతని రాశావు?"

"ఒకటి."

"అయితే ఆమెని కారులోంచే చూసి పోయావన్నమాట," అంది ఎర్లీన్, తలెత్తకుండా. ఒజెల్లా వాళ్ళమ్మ కథ ఈ వీధిలో అందరికీ తెలిసినదే.

పొద్దు వాలింది. ఎర్లీన్ తాళంచెవి తీసుకుని లేచింది. మేనల్లుడు తనకే ఇచ్చి వెళ్ళాడట. రోజూ ఈ వేళకి వెనకగా వెళ్ళి కొట్టులో దీపం వేసి, పొద్దున ఆర్పి వస్తుంది. మెంఫిస్ వెళ్ళిన మూడు వారాలూ చీకటిగానే ఉండి ఉంటుందని నొచ్చుకుంది.

ఒజెల్లా నడుస్తున్నది ఆగింది. తను వచ్చిన రెండు సాయంత్రాలూ ముందు అద్దంలోంచి దీపం కనపడిందని చెప్పింది.

"వెళ్ళేముందు ఆర్పేసే వెళ్ళాను," అంది ఎర్లీన్. ఇద్దరూ వెనక మెట్లు ఎక్కారు. తరువాత ఎర్లీన్ తలుపు తీసింది.

లోపల కిరోసిన్, ఎండు రొయ్యల పాత వాసన. గడియారం ఆగిపోయి ఉంది. బల్ల వెనక ఆయన కుర్చీ. అందులోనే పోయాడు, ఒకప్పుడు విల్మాకి పిల్లలెవరో రంగులేసి ఇచ్చిన ఈస్టర్ కోడిగుడ్డు చేతిలో పెట్టుకుని. ఎర్లీన్ కిటికీలోంచి చూసి, కునుకు పట్టిందనుకుని లేపకుండా వెళ్ళిపోయిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారలేదు. దీపం వేసింది.

బల్లమీద కాగితం ఉంది. ఇంటికి పోస్టులో వచ్చిన లెక్కల ఫారం, పోస్టు చేయకుండా మిగిలిపోయినది. పెన్సిల్‌తో నింపిన అక్షరాలు. దాని పక్కన, అంచులు సరిచేసి పెట్టినట్టు, రెండు తెల్ల చీటీలు. "మీ ఇంటికి వచ్చాను, మీరు లేరు" అని రాసి ఒజెల్లా ముందు తలుపు సందులో దోపి వెళ్ళినవి. ఎర్లీన్ ఆ తలుపు జోలికి ఎన్నడూ పోలేదు. దానికి లోపలినుంచి గడియ.

ఒజెల్లా ఫారం దగ్గరికి వంగింది. ఇంట్లో ఎంతమంది: 2. మొదటి మనిషి ఎల్మర్ పాంగ్, ఎనభై నాలుగు. రెండో మనిషి విల్మా పాంగ్, వయసు డెబ్భై తొమ్మిది.

అరవై ఎనిమిదికి పోయింది విల్మా. ఒజెల్లా వేళ్ళమీద లెక్కపెట్టి చూసింది. ఒక్క ఏడూ తప్పలేదు. ఏటేటా ఒక్కో ఏడు కలుపుతూ వచ్చినట్టున్నాడు.

ప్రమాణం గుర్తొచ్చింది. వసారాలో చేతులు తుడుచుకుని నిలబడిన అమ్మ గుర్తొచ్చింది. ఇంటివాళ్ళు చెప్పిందే రాయాలి, చూసి రాయకూడదు. రబ్బరుతో 1 చెరిపింది. రాయబోతే తన పెన్సిల్ మొన విరిగింది.

బల్ల అంచున మేకుకి పురికొస కట్టి పెన్సిల్ వేలాడుతోంది. అమ్మ చెప్పిన సరుకుల జాబితాని ఆరేళ్ళప్పుడు ఆ మేకు దగ్గరే, మునివేళ్ళమీద నిలబడి, రాసేది తను. పెన్సిళ్ళు ఎన్ని మారాయో, పురికొస మాత్రం అదే. దాంతోనే 2 అని రాసింది. కింద విల్మా పాంగ్, డెబ్భై తొమ్మిది అని నింపి, జాతి గడి దగ్గర చెయ్యి ఆపింది.

"మీది ఏ జాతి?" అని మెల్లగా అడిగింది, కుర్చీ పక్కనున్న ఖాళీకేసి చూస్తూ. ఎర్లీన్ నవ్వలేదు. ఒజెల్లా ఒక వాక్యం వినడానికి పట్టేంతసేపు ఆగి, గుర్తు పెట్టింది.

పెన్సిల్ వదిలి, ఫారం సంచీలో పెట్టుకుంది. ఇద్దరూ బయటికి వచ్చారు. నిద్రపోతున్నవాళ్ళున్న ఇంటి తలుపు వేసినట్టు, ఎర్లీన్ చప్పుడు కాకుండా మూసి తాళం వేసింది.

వెనక తలుపు అద్దంలోంచి దీపం కింద బల్ల కనపడుతోంది. పురికొసకి పెన్సిల్ ఇంకా ఊగుతోంది, అటూ ఇటూ, ఒజెల్లా వదిలినంత జోరుగానే. అంతలో, ఎవరో రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు, ఆగింది.