మామయ్య కూర్చున్న టైరు

నా జీపు పని అయిపోయిందని అందరూ తేల్చేశారు. దాన్ని పాత ఇనుము కొట్టుకి తోలడానికి నాకంటే వాళ్లకే తొందర ఎక్కువగా ఉంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. బండిని ఒక మాట అంటే నన్ను అన్నట్టే.

కొండ మీద చిన్న ఆసుపత్రి ఉంది. నర్సమ్మనీ, మందుల పెట్టెల్నీ, నడవలేని రోగుల్నీ అక్కడికి చేర్చేది నేనే. దారిలో పైసగం నిటారుగా ఉంటుంది, సిమెంటు వేశారు. నాలుగు చక్రాలూ లాగితే తప్ప బండి ఎక్కదు. పోయిన వారం ఆ మలుపులో ముందు చక్రాలకీ బలమిచ్చే ఫోర్ వీల్ లివరు టక్కుమని దానంతటదే పట్టు వదిలి వెనక్కి వచ్చేసింది. బండి వెనక్కి జారింది. వెనక సీట్లో నెలలు నిండిన మనిషి ఉంది. బ్రేకు మీద నిలబడినంత పని చేసి ఆపాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. నర్సమ్మ కేకలు వేయలేదు గానీ, కిందికి దిగాక ఒక మాట అంది.

"వానల్లోగా బండి బాగుపడకపోతే ఈ సీజనంతా ఆసుపత్రి మూసేద్దామంటున్నారు పైవాళ్లు. ఇవాళ కళ్లారా చూశాక నేనూ కాదనలేను."

మూసేస్తే కొండ మీది వాళ్లు రోగుల్ని మంచాల మీద మోసుకుంటూ ఆ జారుడు దారిన దిగాలి. ఆ తలపుకే నాకు అన్నం సయించలేదు. బండిని నేరుగా మామయ్య షెడ్డుకి తోలాను.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. మంచి మెకానిక్కు, నాకు స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి. మొన్నామధ్య నా పుట్టినరోజుకని బండి వెనక చక్రాలకి లోతు గళ్ల కొత్త టైర్లు తొడిగాడు. "బరువంతా వెనకే కదా, బలం అక్కడుండాలి" అన్నాడు. విప్పిన పాతవి ఇంకా నడవదగ్గవే. వాటిని షెడ్డు ముందు వేసుకుని, ఒకదాని మీద తను కూర్చుని, రెండోది వచ్చేపోయే వాళ్లకి వదిలాడు.

నేను చెప్పిందంతా ఆ టైరు మీద నుంచి లేవకుండానే విన్నాడు.

"ముందు చక్రాలకి బలం పంచే పెట్టె పోయింది కోడలా. లోపల పళ్లరిగిపోయాయి. ఈ మోడలుకి సామాను దొరకదు. వదిలెయ్."

"విప్పి చూశావా?"

"విప్పేదేముంది? చప్పుడు నా చెవికి తెలుస్తుంది."

"అత్తయ్య అన్నానికి పిలిస్తే వినపడని చెవే కదా?"

నవ్వాడు గానీ లేవలేదు. నేనే బండి కిందికి దూరి, ఆ పెట్టెలోని ఆయిలు డబ్బాలోకి దించాను. అయస్కాంతం ముంచి తీస్తే, పళ్లరిగి ఉంటే రాలాల్సిన ఇనుప రజను నలుసంత కూడా అంటుకోలేదు. డబ్బా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. రెండు వేళ్ల మధ్య ఆయిలు రుద్ది చూసుకుని, "అయితే లివరు కింద ఫోర్కు వంగుంటుంది" అన్నాడు. మూత విప్పాను. గేర్లని జరిపే ఆ ఫోర్కు తిన్నగానే ఉంది. "స్ప్రింగు చచ్చుంటుంది" అన్నాడు. లివర్ని పట్టి ఉంచే ఆ స్ప్రింగూ గట్టిగానే ఉంది.

"ఇంక నా వల్ల కాదు" అని చేతులెత్తేశాడు.

నాకు మాత్రం పట్టుదల పెరిగింది. రోగం ఎక్కడుందో దొరకనప్పుడు, ఎప్పుడొస్తుందో చూద్దామనుకున్నాను. అన్నీ బిగించి, ఆయిలు పోసి, షెడ్డు వెనక బురదలో ఫోర్ వీలు వేసి తిప్పాను. లివరు వెన్నలా కదిలింది. అదే షెడ్డు ముందున్న సిమెంటు రోడ్డు మీద కాస్త దూరం పోయేసరికి స్టీరింగు బరువెక్కింది, లివరు బిగుసుకుపోయింది. కొంచెం వెనక్కి నడిపితే వదిలింది. తడి దుప్పటిని చెరో కొస పట్టి పిండినట్టు లోపల ఏదో మెలిపడుతోంది.

మళ్లీ ముందుకు నడిపి, లివరు బిగిశాక ఇంజను ఆపి, ముందు చక్రం కింద జాకీ పెట్టి లేపాను. నేల వదలగానే ఎవరూ తాకకుండానే ఆ చక్రం గిర్రున తిరిగి ఆగింది.

అప్పుడు లేచాడు మామయ్య. దగ్గరికొచ్చి చక్రం మీద చెయ్యి వేశాడు. "ముందు వాటికీ వెనక వాటికీ పడటం లేదు" అని గొణిగాడు.

జాకీ దించి, ఫోర్ వీలు తీసేసి, ముందు టైరుకీ వెనక టైరుకీ నేలకి తాకే చోట సుద్దముక్కతో గీత గీశాను. ఇద్దరం కలిసి బండిని నెమ్మదిగా నెట్టాం. ముందు టైరు గీత ఒక చుట్టు తిరిగి నేలకి వచ్చింది. వెనక టైరు గీత ఇంకా రాలేదు. నాలుగు వేళ్ల ఎడం మిగిలిపోయింది.

నాకంతా తెలిసిపోయింది. బురదలో చక్రాలు జారి సర్దుకునే ఆ తేడా, సిమెంటు మీద పెట్టెలో మెలిపడి చివరికి లివర్నే ఎగదన్నుతోంది. కానీ మామయ్య ఆ టైర్లు ఎంత ముచ్చటపడి తొడిగాడో నా కళ్ల ముందే ఉంది. ఏడుపొచ్చింది. ఆ వెంటనే, బండి జారినప్పుడు అద్దంలో కనిపించిన ఆ తల్లి మొహం గుర్తొచ్చింది.

"పెట్టె బాగానే ఉంది మామయ్యా. వెనక టైర్లే పెద్దవి. నువ్వు వేసినవి."

ఆయన వంగి, ఆ ఎడంలో తన నాలుగు వేళ్లూ పెట్టి చూసుకున్నాడు.

"ఒక సైజు ఎక్కువని తెలుసు. పెద్దవైతే బలమనుకున్నా." వేళ్లు తీసి నా వైపు తిరిగాడు. "ఆ రోజు బండి జారింది వీటి వల్లేనా?"

"ఊఁ."

వెళ్లి మళ్లీ టైరు మీద కూలబడ్డాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. తల వంచి తను కూర్చున్నదాన్ని చూశాడు. లేచి, దుమ్ము దులిపి, దాన్ని నా వైపు దొర్లించాడు.

"ముందున్న వాటికి ఇవే జోడు. నాలుగూ ఒకేసారి కొన్నవి. జాకీ అందుకో."

మర్నాడు పొద్దున నర్సమ్మ నా పక్కన ఎక్కింది. మామయ్య ఎవరూ పిలవకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు.

"ముందుకి రావచ్చుగా, ఇరుక్కుని కూర్చుందాం" అన్నాను.

"ఆ నెలలు నిండినావిడ కూర్చున్న చోటే కూర్చుంటా. నువ్వు పోనీ."

మలుపు వచ్చింది. లివరు మీద చెయ్యి వేయకుండా ఉండటానికి స్టీరింగుని గట్టిగా పట్టుకున్నాను. బండి మూలిగింది, ఊగింది, ఎక్కింది. లివరు ఉన్నచోటే ఉంది. పైన చదునులో ఆపి, రెండు వేళ్లతో లాగితే మెత్తగా వచ్చేసింది.

మామయ్య దిగి నర్సమ్మ ముందు నిలబడ్డాడు. ఆయన ఎవరి ముందైనా అలా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు.

"తప్పు బండిది కాదమ్మా, మా కోడలిదీ కాదు. నాది. ఆసుపత్రి మూయనివ్వకండి."

నర్సమ్మ ఆయన్నీ, నన్నూ, బండినీ మార్చి మార్చి చూసింది.

"మూయనివ్వను. పైవాళ్లకి నేను చెప్పుకుంటాను. ముందు ఆ మందుల పెట్టెలు దించండి."

మామయ్య పెద్ద పెట్టెని భుజానికెత్తుకున్నాడు.