రెండు వేళ్ల మందం

రాత్రంతా మిసోలో, అల్లంలో నానిన పంది చాపులను, ఎముకతో అడ్డంగా కోసిన ఆ మాంసం ముక్కలను, మిత్సుయో గుడ్డతో తుడుస్తోంది. రుచి లోపలికి ఇంకాక పైనున్న ఆ పులిసిన సోయాముద్దతో లాభం లేదు. మంట తగలగానే ముందు మాడేది అదే. దాన్ని తుడవకపోవడమే ఈ దీవిలో, హిలో ఊళ్లో, కొత్తగా పొయ్యి పెట్టినవాళ్లంతా చేసే తప్పు.

కొవ్వు అంచున మూడేసి గాట్లు పెట్టి, నాలుగు చాపులనూ ఆ అంచు కిందికి వచ్చేలా పొయ్యి ఊచలపై నిలబెట్టింది. మందమైన చాపే అలా నిలబడుతుంది. పలచనిది ఒరిగిపోతుంది.

ఆమెకు డెబ్బై ఒకటి. నలభై ఏళ్ల సెగకు కుడి ముంజేతి మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. పొద్దుటినుంచి ఎడమ చెయ్యి బరువుగా ఉంది. కుడిది ఉందిగా అనుకుంది.

కొట్టు యజమాని వెండెల్ ట్రేతో వచ్చాడు. అందులో అర వేలి మందం చాపులు.

"ఆంటీ, ఇవాళ్టినుంచి ఇవే. నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. బయట లైను చూశారా?"

"ఆ లైను దేనికోసం నిలబడిందిరా? నీ మొహం చూడ్డానికా? ఆ కాగితాల్లాంటి ముక్కలు లోపల పెట్టు."

"మీ మొండితనం ఈ కొట్టును ముంచుతుంది."

"మునగనీ. నాకు ఈత వచ్చు."

ఓకినావా నుంచి వచ్చిన ఆమె తండ్రి ఊరివాళ్ల వంటిళ్లలో కుడితి ఎత్తి పందుల్ని మేపేవాడు. బడిలో మిగతా జపాను పిల్లలు ముక్కు మూసుకునేవారు. మందమైన ముక్కలు ఆ ఇళ్లకే వెళ్లేవి. ఇంట్లో మిగిలేవి చెవులూ, కాళ్లూ, అంచులు కోసిన పీలికలూ. మోసేది మనం, మందం వాళ్లదా? పదేళ్లప్పుడే ఆ లెక్క తప్పు అని తేల్చుకుంది. ఈ పొయ్యి దగ్గరికి వచ్చాక, ఎవరొచ్చినా రెండు వేళ్ల మందమే పెట్టింది. మొగుణ్ణీ, మోకాళ్లనూ కాలం పట్టుకుపోయింది. బతుకులో ఆమె బేరానికి పెట్టని సరుకు ఇదొక్కటే.

సోయా సాసు పూసి, తిప్పి, మళ్లీ పూసి, చాపులను చెక్కబల్ల మీదకు దించింది. పైన తీ మొక్క వెడల్పాటి ఆకు కప్పింది. ఎనిమిది నిమిషాలు అలా ఉంచాలి. ముందే కోస్తే రసమంతా బల్లపాలు. రోజంతటిలో ఆమె కూర్చునేది ఆ కాసేపే, తండ్రి నాటి కుడితి బకెట్‌ను బోర్లించి దాని మీద.

లైనులో ముందున్నది హిరానో, బడిలో ముక్కు మూసుకున్నవాళ్లలో ఒకతె.

"ఏమే కుడితిపిల్లా! ఇప్పుడు పెడతావా, నా పళ్లు ఊడాక పెడతావా?"

"ఉన్నవి ఎన్నని! నోరు మూసుకుని నిలబడు." మిత్సుయో వెండెల్ వైపు చూసింది. "నేను లేచేదాకా ఎవడైనా కత్తి పెట్టాడో, వాణ్ణే పొయ్యి మీద నిలబెడతా."

గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది. రేకుల మీద వాన మొదలైంది.

ఎనిమిది నిమిషాలయ్యాయి. పది. వెండెల్ కత్తి అందుకున్నాడు. హిరానో అతని చేతి మీద చరిచింది.

"అది లేవలేదుగా!"

అప్పుడు ఇద్దరూ బకెట్ వైపు చూశారు. వెండెల్ వంగి ఆమె భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. హిరానో లోపలికొచ్చి, జారుతున్న ఆ తలను తన పొట్టకు ఆనించుకుని నిలబడింది.

కాసేపటికి వెండెల్ కత్తి కింద పెట్టి, పలచటి చాపుల ట్రేను తనే లోపలికి మోసుకుపోయాడు. లైనులో ఎవరూ కదల్లేదు. చెక్కబల్ల మీద, ఆకు కింద, రెండు వేళ్ల మందం చాపులు కత్తి తగలకుండా తమ రసాన్ని తమలోనే దాచుకుని ఉన్నాయి.