రెండో సగం

శౌరయ్య మైకు తుడుస్తున్నాడు. గురజాల శివారులోని చర్చి రేడియో స్టేషనులో ఊడ్చేది, తాళాలు వేసేది, కరెంటు పోతే జనరేటరు నడిపేది అతనే. సన్నటి మెడ, మొద్దు చేతులు. గోళ్లలో పట్టిన డీజిలు నలుపు ఏ సబ్బుకూ పోదు.

"ఏందిరా శౌరీ, మైకు మీద కూడా కోపమేనా?" అంటూ వచ్చాడు చిన్నప్ప. చర్చిలో ఉపదేశి. రోజూ సాయంత్రం రేడియోలో జపమాల చెప్పించేది ఆయనే.

"నీ తుంపరలు పోవద్దూ?"

చిన్నప్ప నవ్వాడు. ఆ నవ్వు కూడా బాగుంటుంది. శౌరయ్యకు ఒళ్లు మండేది అందుకే.

జపమాలలోని ప్రతి మరియమ్మ జపంలో మొదటి సగం చెప్పి చిన్నప్ప ఆగుతాడు. ఇళ్లలోని వాళ్లు రెండో సగం చెప్పుకోవడానికి ఆ ఖాళీ. శౌరయ్య భార్య కరుణమ్మ మిరపకాయల తొడాలు తీస్తూ కూడా ఆ ఖాళీని ఒక్కనాడు వదల్లేదు. మొగుడేమో జనరేటరు షెడ్డులో. ఇంట్లో ఆమెకు జత పరాయి గొంతు. మంచాన పడ్డాక, "రేడియో పెట్టయ్యా, నాకోసం ఆగి ఉంటాడు" అంది. శౌరయ్య పెట్టాడు. చిన్నప్పను మాత్రం క్షమించలేదు.

"ఇయ్యాల కరుణమ్మ సంవత్సరీకం గదా," అన్నాడు చిన్నప్ప. "ఆమె ఆత్మ కోసమని పేరు చదువుతా."

"వద్దు."

"చచ్చిపోయినోళ్లందరి పేర్లూ చదువుతాను గదరా."

"ఎవురి పెళ్లాం పేరన్నా చదువుకో. నా పెళ్లాం పేరు నీ నోట రాకూడదు."

సాయంత్రం జపం మొదలుకాగానే కరెంటు పోయింది. శౌరయ్య జనరేటరు తిప్పి, చిన్న రేడియో చెవికి ఆనించుకున్నాడు. భక్తి కాదు, కాపలా. పేరు రాలేదు. మొదటి సగం. ఖాళీ. మొదటి సగం. ఖాళీ.

ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. ఇళ్లలో రెండో సగం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇప్పుడు చదువుతాడు పేరు, అనుకుని శౌరయ్య విసురుగా గదిలోకి పోయాడు.

చిన్నప్ప తల బల్ల మీద వాలి ఉంది. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు. మైకు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

ఫాదరును పిలవాలి. శౌరయ్య కదల్లేదు. మిగిలిపోయిన ఆ సగం కరుణమ్మది. దాన్ని ఇంకెవరికీ వదలబుద్ధి కాలేదు. వంగి, బొంగురు గొంతుతో "పరిశుద్ధ మరియమ్మా" అని రెండో సగం ఎత్తుకుని, చివరిదాకా చెప్పాడు. తర్వాత మైకు ఆపాడు.

బల్ల మీద, చిన్నప్ప గొంతు కోసం పెట్టుకున్న తాటిబెల్లం ముక్క, ఒక పక్క కొరికినది, ఇంకా తడిగానే ఉంది.