ఏ గోడకి ఏ జిగురు

పని దగ్గర అందరూ ఆయన్ని జిగురు మేస్త్రి అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆయనకి ఆ సంగతి తెలుసు, పైకి విసుక్కుంటాడు గాని లోలోపల గర్వమే. గోడలకి బయటివైపు థర్మోకోల్ పలకలు అంటించడం ఆయన పని. ఎండకి గదులు ఉడికిపోకుండా, చలికి బిగుసుకుపోకుండా గోడకి కప్పే దుప్పటి అన్నమాట. పలకలు ఎవరైనా కొనుక్కొస్తారు, తాపీ ఎవరైనా పడతారు, ఏ గోడకి ఏ జిగురో తేల్చడమే అసలు విద్య అని ఆయన నమ్మకం. ఆ విద్య తనకి తప్ప మరొకరికి అబ్బలేదన్నది ఇంకా గట్టి నమ్మకం.

అందులో కొంత నిజం లేకపోలేదు. ఒకసారి ఓ ఇంటాయన తెలివికి పోయి, చెక్కసామానుకి వాడే ఘాటు వాసన జిగురు డబ్బాలకి డబ్బాలు తెచ్చిపెట్టాడు. ఇది పూస్తే ఇంక పీకినా రాదన్నాడట. పూసిన గంటకల్లా ఆ జిగురు పలకల్ని ఎలకలు కొరికినట్టు తినేసింది. ఇంటాయన మొహం చూడాలి అప్పుడు! ఆ కథని జిగురు మేస్త్రి వారానికి ఒకసారైనా చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ డబ్బాల లెక్క పెరుగుతుంది.

ఆయనకి ఒక పద్ధతి ఉంది. కొత్త గోడ దగ్గరికి వెళ్ళగానే అరచెయ్యి వేసి రుద్దుతాడు. చేతికి పొడి అంటితే పెదవి విరుస్తాడు. నీళ్ళు చల్లి, గోడ పీల్చుకుంటోందా, జార్చేస్తోందా చూస్తాడు. తర్వాత జానెడు పలక ముక్కలు మూడు, మూడు రకాల జిగురుతో అంటించి మూడు రోజులు వాటివంక కన్నెత్తి చూడడు. నాలుగోరోజు పీకుతాడు. పలక విరిగి సగం గోడకే ఉండిపోయిందా, ఆ జిగురుకి జై. ముక్క శుభ్రంగా ఊడి చేతిలోకి వచ్చిందా, ఆ జిగురు మొహం మళ్ళీ చూడడు. అంటించాక మేకులూ కొడతారు గాని, అవి గాలి లాగకుండా ఆపడానికే. పలకల మీద వల పరిచి పూత వేశాక ఆ బరువంతా మోసేది జిగురే.

ఈసారి గోడ చిన్నపిల్లల బడిది. రెండంతస్తులు. బడికి ఉన్నది ఒకే గేటు, అది సరిగ్గా ఆ గోడ కిందే. రోజూ పొద్దున్న గంట కొట్టేదాకా పిల్లలు వీపున సంచులు వేసుకుని గోడని ఆనుకునే నిలబడతారు. ఇప్పుడు సెలవులు. సోమవారం బడి తెరిచేలోపు పలకలూ మేకులూ అయిపోవాలి.

పరీక్ష ఆయనే పెట్టాడు. గోడ మూలన, మోటారు గది పక్కన, చేతికి అందే ఎత్తులో. మోకాళ్ళ నొప్పులొచ్చాక పరంజా ఎక్కడం మానేశాడు, ఆ మాట ఎవరికీ చెప్పడు. నాలుగోరోజు పీకితే సంచిలో వచ్చే పొడి జిగురు గెలిచింది. సిమెంటులా నీళ్ళు పోసి కలిపే రకం అది. పలక అడ్డంగా చీలిందే తప్ప గోడని వదల్లేదు.

"ఇదే. ఇంక మారుమాట లేదు" అన్నాడు అల్లుడితో.

అల్లుడి గురించి రెండు మాటలు చెప్పాలి. పదేళ్ళు ఇళ్ళలో టైల్స్ వేసి, నడుం పట్టేశాక ఆ పని వదిలేసి, ఏడాదిగా మామగారి దగ్గర చేరాడు. నెమ్మదస్తుడు. ఎదురు చెప్పడం అనేది ఆ నోటికి అలవాటు లేదు. ఇంట్లో మేస్త్రి అతన్ని "అల్లుడుగారూ, మీరు" అంటాడు, ఇంకాస్త వడ్డించమని కూతుర్ని కేకేస్తాడు. గోడ దగ్గర మాత్రం "నువ్వు". ఇంట్లో ఇచ్చిన మర్యాదంతా గోడ దగ్గర వెనక్కి లాగేసుకుంటాడని కూతురి ఫిర్యాదు.

"మామయ్యా, పైన గోడ కొంచెం నున్నగా ఉన్నట్టుంది. పాత రంగేమో. గాట్లు పెట్టి…" అని అల్లుడు మొదలుపెట్టాడు.

మేస్త్రి తల పైకెత్తి కళ్ళు చికిలించాడు. ఆయనకి గోడంతా ఒకే బూడిదరంగు సిమెంటులా కనిపించింది.

"రంగా? ఎక్కడయ్యా రంగు? అది సిమెంటు మెరుపు. నువ్వు పుట్టకముందు నుంచీ గోడలు చూస్తున్నా. గాట్లూ గీట్లూ నీ బాత్రూముల్లో పెట్టుకో. ఇక్కడ కడుగు, అంటించు. అంతే."

పక్కనున్న పనివాళ్ళు ముసిముసిగా నవ్వారు. అల్లుడు తల దించుకుని జిగురు సంచులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

బడి తెరవడానికి వారం ముందు సోమవారమే మేస్త్రికి కంటి ఆపరేషన్. శుక్లాలు ముదిరిపోయాయని డాక్టరు ఏడాదిగా మొత్తుకుంటున్నా చెవిన పెట్టని మనిషి, జిగురు తేల్చాక గాని కదల్లేదు. ముందు కుడికంటికి చేశారు. దుమ్ములోకి వెళ్ళొద్దు, వంగొద్దు, కంట్లో నీళ్ళు పడనివ్వొద్దు అని వంద జాగ్రత్తలు చెప్పి ఇంటికి పంపారు. ఐదు రోజులు ఆయన మంచం మీద, కూతురు ఆయన మీద కాపలా. సాయంత్రం అల్లుడు రాగానే "ఎంతవరకు వచ్చింది?" అని అడగడం, "అవుతోంది మామయ్యా" అని అల్లుడు గబగబా స్నానానికి వెళ్ళిపోవడం. మనిషి తలనుంచి కాళ్ళదాకా దుమ్ముకొట్టుకుని వస్తున్నాడని కూతురు గొణిగితే, పని అన్నాక దుమ్ము కాక పన్నీరు అంటుతుందా అని మేస్త్రి అన్నాడు.

శనివారం డాక్టరుకి కన్ను చూపించుకుని వస్తుంటే, దారిలో బడి దగ్గర ఆగాల్సిందేనని పట్టుబట్టాడు.

"రోడ్డు ఇవతల నుంచే చూడాలి నాన్నా. అవతలికి అడుగేశావంటే ఊరుకోను" అని కూతురు షరతు పెట్టింది.

రోడ్డు ఇవతల నిలబడి నల్ల కళ్ళజోడు నుదుటి మీదికి జరిపాడు. ముందు ప్రాణం లేచొచ్చింది. చెట్ల ఆకులు విడివిడిగా కనిపిస్తున్నాయి. బడి గేటు మీద అక్షరాలు ఇక్కణ్ణుంచే చదవొచ్చు. తెల్లటి పలకల వరసలు, ఒక వరస అతుకు మీద మరో వరస అతుకు పడకుండా, తీర్చినట్టున్నాయి. టైల్స్ చెయ్యి ఊరికే పోలేదు, ఫరవాలేదే అనుకున్నాడు.

అప్పుడు చూపు పక్కకి వెళ్ళింది. పలకలు ఆగిపోయిన అంచు దాటితే, మెట్లవైపు తిరిగే గోడ. అది వీళ్ళ పనిలో లేని భాగం. నీలంగా ఉంది. లేత నీలం నూనె రంగు, ఎండకి తళతళమంటోంది. కళ్ళు నులుముకోబోయి, డాక్టరు గుర్తొచ్చి చెయ్యి దించాడు. మోటారు గది పక్కన, పలకలు పెట్టే పని లేని మూలకి చూశాడు. తను పరీక్ష పెట్టిన చోట మాత్రం మనిషి ఎత్తున నలుచదరంగా ఉత్త సిమెంటు. దాని చుట్టూ నీలం. ఎప్పుడో అక్కడ గోడకి ఆనించి నీళ్ళ తొట్టి ఉండుంటుంది, రంగు వేసినవాళ్ళ బ్రష్షు దాని వెనక్కి చేరలేదు. మొత్తం గోడలో రంగు లేని చోటు ఏదైనా ఉందంటే అదొక్కటే, సరిగ్గా అక్కడే ఆయన చెయ్యి వేసి రుద్దాడు.

జిగురు మంచిదే. కాని అది పట్టుకునేది దేన్ని? రంగుని. ఆ రంగు గోడని ఎన్నాళ్ళు పట్టుకుని ఉంటుంది? పాత నూనె రంగు పొరలు పొరలుగా లేస్తుంది. లేచిననాడు జిగురునీ, పలకలనీ, పూతనీ అన్నిటినీ వెంటేసుకుని ఒక్కసారిగా జారుతుంది. జారి ఎక్కడ పడుతుంది? గేటు దగ్గర, ఆ సంచుల పిల్లల నెత్తిన.

మేకులున్నాయి కదా, ఎలాగో నిలుస్తుందిలే అని ఒక్క క్షణం అనిపించింది. తన కంటికి తప్ప ఎవరికీ తెలియదు కూడా. అలా అనిపించినందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. నలభై ఏళ్ళలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. కూతురు "నాన్నా!" అని అరుస్తున్నా వినకుండా రోడ్డు దాటేశాడు.

అల్లుడు కింది వరస దగ్గర మేకులకి గుర్తులు పెడుతున్నాడు. మామగారిని చూడగానే పెన్సిలు చేతిలోనే ఆగిపోయింది, మొహం పాలిపోయింది.

"బుధవారం పెట్టిన పలక ఏది?" అన్నాడు మేస్త్రి.

"ఇదే మామయ్యా. ఈ వరసంతా బుధవారానిదే."

"ఒకటి పీకు."

"ఎందుకు మామయ్యా? బాగానే పట్టుకుందిగా. మళ్ళీ దాన్ని పీకడం…" అల్లుడు నీళ్ళు నమిలాడు.

నలుగురు పనివాళ్ళూ చేతిలో పని ఆపి చూస్తున్నారు. వాళ్ళందరి ముందు ఈ అల్లుణ్ణి ఎన్నిసార్లు చిన్నబుచ్చాడో మేస్త్రికి గుర్తుంది. గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాది. గోడకి రంగుందని నువ్వు చెప్పావు, నేను నీ నోరు మూయించాను. నాకు అప్పుడు కళ్ళు కనపడలేదు, కనపడలేదని ఒప్పుకోబుద్ధి కాలేదు. ఈ పలకలన్నీ రంగు మీద ఉన్నాయి. నిలవవు. పిల్లలు నిలబడే చోటయ్యా ఇది. ఒకటి పీకి చూద్దాం, ఊడొచ్చిందంటే సోమవారం లోపు మొత్తం దింపేద్దాం. బడివాళ్ళకి నేనే చెబుతాను."

అల్లుడు కడ్డీ తీసుకుని పలక అంచున దూర్చి లాగాడు. కదల్లేదు. పనివాడొకడు వచ్చి చెయ్యి వేశాడు. ఇద్దరూ కాలు తన్నిపెట్టి లాగితే పలక పెళ్ళున విరిగింది. సగం వాళ్ళ చేతుల్లో, సగం గోడకి.

"గట్టిగా ఉంది కదా మామయ్యా."

"ఇవాళ గట్టిగానే ఉంటుంది. రంగు ఇవాళ లేవదు, ఏడాది తర్వాత లేస్తుంది. గోడ కనిపించేదాకా తవ్వు."

అల్లుడు కదల్లేదు. మేస్త్రి తనే వంగబోతే, వెనకనుంచి వచ్చిన కూతురు భుజం పట్టుకుని ఆపేసి, "ఏమండీ, తవ్వండి, లేకపోతే ఈయనే తవ్వేలా ఉన్నారు" అంది. అల్లుడు ఉలీ సుత్తీ తీసుకుని మిగిలిన థర్మోకోల్ గీకేసి, జిగురు గడ్డని ఒకవైపునుంచి కొట్టుకుంటూ వచ్చాడు. పది దెబ్బలకి అరచెయ్యంత ముక్క రాలింది.

మేస్త్రి మొహం దగ్గరగా పెట్టి చూశాడు. నీలం లేదు. రాలిన ముక్క తిప్పి చూశాడు, దాని వెనకా నీలం లేదు, సిమెంటు పెళ్ళ అంటుకుని వచ్చింది. గోడ మీద వేలు పెట్టి తడిమాడు. గరుగ్గా, గాటు పక్కన గాటు, దగ్గరదగ్గరగా తగిలాయి.

"రంగేదీ?" అన్నాడు.

"తీసేశాను మామయ్యా."

"ఎంతవరకు?"

"పలకలు పెట్టే చోటంతా." అల్లుడు చూపు నేలమీంచి లేవలేదు. "సోమవారం కడుగుతుంటే నీళ్ళు జర్రున జారిపోయాయి. టైల్స్‌లో రంగు మీద పెట్టింది ఏదీ నిలవదు, ఒకసారి నేను వేసింది ఊడి నా చేతిమీదే పడింది. నాకు మనసొప్పలేదు. చెక్కే మిషన్లు తెచ్చి సోమ, మంగళ రెండు రోజులూ అందరం చెక్కాం. కడిగి, ఆరనిచ్చి, మీరు చెప్పిన జిగురే పెట్టాం. జిగురు మార్చలేదు, ఒట్టు. మీరు వద్దన్నారు కదా, చెప్పాలంటే భయమేసింది. పలకలు కప్పేశాక ఇంకెవరికీ తెలీదులే అనుకున్నా."

పనివాళ్ళు నలుగురూ తమ చెప్పుల వంక చూసుకుంటున్నారు. వీళ్ళకీ తెలుసు, ఒక్కడూ నోరు విప్పలేదు.

మేస్త్రి పక్కనున్న జిగురు సంచి మీద కూలబడ్డాడు. కొండంత బరువు దిగిపోయింది. గోడ నిలుస్తుంది. పిల్లలు నిలబడొచ్చు, ఆనుకోవచ్చు, బంతి వేసి కొట్టుకోవచ్చు. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"నాన్నా, కంట్లో నీళ్ళు పడకూడదన్నారు!"

"బయటినుంచి పడకూడదన్నారు. లోపల్నుంచి వస్తే నేనేం చెయ్యను?"

అందరూ నవ్వారు, అల్లుడు తప్ప. అతనింకా తిట్ల కోసం ఎదురుచూస్తున్నాడు. ఊపిరి కుదురుకోగానే మేస్త్రికి అవి వచ్చాయి కూడా.

"నాకు చెప్పొద్దటయ్యా? ఐదు రోజులు ఇంట్లోనే పడున్నానుగా! రోడ్డు దాటేలోపు నా పైప్రాణాలు పైనే పోయాయి తెలుసా?"

"చెబితే మీరు ఒప్పుకునేవారా మామయ్యా?"

అల్లుడు ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఒప్పుకునేవాణ్ణనే అందామనుకున్నాడు మేస్త్రి. పెదాలదాకా వచ్చింది. గోడ వంక చూశాడు.

"లేదు" అన్నాడు. "కంటికి కట్టుతోనే వచ్చి మిషన్లు ఆపించేవాణ్ణి. దగ్గర కూర్చుని మరీ రంగు మీద అంటింపజేసేవాణ్ణి."

కూతురు ఆయన భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఆయన అల్లుడి చెయ్యి పట్టుకుని సంచి మీంచి లేచాడు, లేచాక కూడా వెంటనే వదల్లేదు.

"ఇంకోసారి నా మాట తప్పని నీకు అనిపిస్తే, దాచిపెట్టి చెయ్యకు. నాతో చెప్పు. నేను తిడతాను, మారను కదా ఇప్పటికిప్పుడు. తిట్టనీ. తిట్లు విని, అప్పుడు చెక్కు."