అక్క పేరున వచ్చిన గాజులు

పులివెందులలో బట్టలు కుట్టుకునే ప్రేమమ్మకు ఒక పొద్దున కువైట్ నుంచి వకీలు ఫోన్ చేశాడు. ఆమె ఒకప్పుడు పనిచేసిన ఇంటి ముసలి మేడమ్ చనిపోయిందట. పోకముందే అక్కడి నోటరీ ముందు వీలునామా రాయించి, తన చేతి బంగారు గాజులు హెలెన్‌కు ఇమ్మందట. ఆ హెలెన్ నువ్వేనని మీ దేశపు నోటరీ చేత ప్రమాణపత్రం చేయించి పంపమన్నాడు.

ప్రేమమ్మకు ఏడవాలో భయపడాలో తెలియలేదు. హెలెన్ ఆమె అక్క పేరు. జమ్మలమడుగులో టీచరమ్మ, కువైట్ ముఖమే చూడలేదు. ప్రేమమ్మ బయలుదేరేనాటికి వయసు చాలలేదని, ఏజెంటు అక్క కాగితాలకు చెల్లెలి ఫొటో పెట్టి పాస్‌పోర్టు చేయించాడు. అక్కడున్నన్నాళ్లూ ఆమె హెలెన్ అంటేనే పలికింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ప్రొద్దుటూరు వెళ్లి, కోర్టు ఎదుట కూర్చునే నోటరీ నయీంకు జరిగిందంతా చెప్పారు. ఆయన ఇద్దరి ఆధార్ కార్డులూ, పాత పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టుకుని శానాసేపు చూశాడు.

"నువ్వు హెలెన్‌వని రాస్తే అబద్ధం. మీ అక్క హెలెనని రాస్తే నిజమే, కానీ ఆ ముసలామెకు చేసింది ఈమె కాదు. నేను ఎవురికని సీలెయ్యల్ల?"

"మరి ఆమె ఇచ్చింది ఎవురికి సార్?" అంది ప్రేమమ్మ.

"అదే నాకూ తెలీడంల్యా."

పక్కన టైపు కొట్టే మనిషి, అక్కనే సంతకం పెట్టి తీసుకోమనండని సలహా ఇచ్చాడు. తానెన్నడూ చూడని మనిషి గాజులు తనకెందుకని హెలెన్ ఒప్పుకోలేదు. చివరికి నయీం, జరిగింది జరిగినట్టు ఇద్దరూ ప్రమాణం చేస్తేనే తాను సీలు వేయగలనన్నాడు. అట్లా రాస్తే పాస్‌పోర్టు సంగతీ బయటపడుతుంది, కేసయినా కావచ్చు, ఆలోచించుకోమన్నాడు.

ప్రేమమ్మ బయట బెంచీ మీద కూలబడింది. వదిలేస్తే ముసలామె మాట పోతుంది. రాస్తే తానే ఇరుక్కుంటుంది. ఆ ముసలామెకు ఒళ్లు కడిగి, జడ వేసి, రాత్రుళ్లు కాళ్లు పట్టింది ప్రేమమ్మో హెలెనో ఆమెకే తికమకగా ఉంది.

"నీకు చర్చి గుళ్లో పెట్టిన పేరు ప్రేమమ్మ గదా. పైనున్న ఆ ముసలామెకు ఒక్కసారన్నా ఆ పేరు తెలియనీ," అంది అక్క.

ప్రేమమ్మ లోపలికి వెళ్లి కలం పట్టుకుంటే చేయి దానంతటదే 'హెలెన్' అని రాసేసింది. నయీం ఆ కాగితం చించి ఇంకోటి టైపు చేయించాడు. ఈసారి ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని ప్రేమమ్మ అని రాసింది.

కాగితాలు వెళ్లిన కొన్నాళ్లకు వకీలు నుంచి జవాబొచ్చింది. వీలునామాలోని పేరుకు మనిషి కుదరలేదు గనుక గాజులు మేడమ్ పిల్లలకే పోతాయని అక్కడి కోర్టు చెప్పిందట. కేసు మాటేమీ లేదు. ప్రేమమ్మకు బాధా, నెమ్మదీ కలిసే వచ్చాయి.

ఆ వారంలోనే మేడమ్ కూతురు తనే ఫోన్ చేసింది. కోర్టు సంగతి తనకు పట్టదని, మీ ఊరికి వచ్చేవాళ్లతో గాజులు పంపుతానని అరబ్బీలో చెప్పింది. తర్వాత, నీ అసలు పేరేమిటని అడిగింది. ప్రేమమ్మ చెప్పింది. వాళ్ల నోట 'ప' పలకదు.

"బ్రేమా," అని పిలిచింది కూతురు.

ఎవరిని పిలుస్తోందో ప్రేమమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత పలికింది.