ఇద్దరు రాజులు, ఒకే తాళం

నేను ఒక లాగిన్ పేజీని. పేరుకో గడి, పాస్‌వర్డ్‌కో గడి, కింద ఒక నీలం బటన్. చూడ్డానికి అంతే. కానీ నన్ను దాటకుండా ఆకివీడు దగ్గరి ఈ రొయ్యల చెరువులో నీళ్లకు గాలి అందించే ఏరేటర్లను ఫోన్‌లోంచి ఎవరూ తిప్పలేరు, ఆపలేరు.

నన్ను తయారు చేసింది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే వసుంధర. తాళం సొంతంగా చేసుకోవడం తెలివితక్కువ పనని, ఆరితేరినవాళ్లు అందరి కోసం రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, జావాస్క్రిప్ట్ లైబ్రరీ అంటారు, అదొకటి తెచ్చి నాకు ప్రాణం పోసింది. మీ పాస్‌వర్డ్‌ను నేను ఉన్నదున్నట్టు దాచను. మళ్లీ గుర్తుపట్టలేనంత మెత్తగా నూరి, ఆ పిండినే ఉంచుకుంటాను. ఈ విషయంలో నాకు కాస్త గర్వముంది, ఉండనివ్వండి.

ఆ గర్వాన్ని అణిచింది చెరువు యజమాని సూరపరాజు గారు. మనిషికో పేరు పెడతానని వసుంధర అంటే ఆయన నొచ్చుకున్నారు.

"అన్నదమ్ములం, మాకు వేరే తాళాలేవిటమ్మా? ఒక్కటే పెట్టు."

పెట్టింది. ఆయనా, తమ్ముడు రామభద్రరాజు గారూ ఒకే పేరుతో రాసాగారు. ఎవరొచ్చినా నాకు సూరపరాజే.

ఎండ కాసే రోజుల్లో పొద్దున్నే ఏరేటర్లు ఆపుతారు. మబ్బు పడితే మాత్రం ఆపకూడదు, నీళ్లలో రొయ్యకు ఊపిరి చాలదు. అలాంటి మబ్బు రోజున ఎవరో ఆపేశారు. మధ్యాహ్నానికి చెరువులో సగం రొయ్యలు చచ్చి తేలాయి.

"నేనాపలేదు. ఇంకెవరు, నువ్వేగా?"

"ఒట్టండి అన్నయ్యగారూ, నేను ముట్టుకోలేదండి."

నన్నడిగితే నేనేం చెప్పను? నా దగ్గరున్నది ఒక్క పేరే. తమ్ముడుగారు గట్టుకు రావడం మానేశారు. ఆయన తరఫున ఒక్క మాట చెప్పలేకపోయినందుకు నాకు నిజంగా బాధేసింది.

ఈసారి వసుంధర ఎవర్నీ అడగలేదు. ఇద్దరికీ వేర్వేరు పేర్లు, పాస్‌వర్డ్‌లు ఇచ్చేసింది. మళ్లీ మబ్బు పట్టిన ఓ పొద్దున, ఎవరెప్పుడు వచ్చారో నేను రాసుకునే చిట్టా చూసి, ఆమే సూరపరాజు గారికి ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, ఏరేటర్లు ఆపేశారేవిటండి?"

"నేనెందుకాపుతానమ్మా?"

"మీ పేరే ఉందండి."

చూసుకున్నారు. టిఫిన్ చేసి, చెయ్యి కడుక్కుని, ఆకాశం వంక చూడకుండానే ఏళ్ల అలవాటుకొద్దీ ఆయనే నొక్కారు. గబగబా మళ్లీ తిప్పారు. రొయ్యలు బతికాయి. ఆ వెంటనే ఆయన తమ్ముడికి ఫోన్ చేశారు.

"అప్పుడాపిందీ నేనేరా. చెరువు కాడికి రా."

సాయంత్రం నా గడిలో ఇంతవరకూ ఎవరూ కొట్టని పేరు పడింది: రామభద్రరాజు. పాస్‌వర్డ్ తప్పు. ఆయనేనని నాకు తెలుసు, తలుపు తీసేద్దామనీ అనిపించింది. కానీ నా పద్ధతి నాది, మళ్లీ అడిగాను. ఈసారి సరిగ్గా కొట్టారు. లోపలికి రానిచ్చాను.