రెండు పిచ్చుకల నాణెం

వుయెల్వా ప్యాంటు జేబుల్ని నాలుకల్లా బయటికి లాగి, దులిపి, తొడ మీది ఎర్రచారకు పచ్చ సబ్బుబిళ్ళ రుద్దుతూ ఉంది. బంతిని ప్యాంటుకేసి తోమితే పడే ఆ చారకు యంత్రం ఒక్కటే చాలదు, ముందు చేత్తో దాని పని పట్టాలి. ఎడమ తొట్టి మనవాళ్ళది, కుడి తొట్టి వచ్చినవాళ్ళది. మైదానంలో ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆటగాళ్ళ తెల్లబట్టలు స్టాండు కింది ఈ ఉతుకుగదిలో పక్కపక్కనే నానుతాయి.

ఆమె చేతులు మోచేతుల దాకా బలంగా ఉంటాయి. వేళ్ళ కొసలు మాత్రం నానిన చిక్కుడుగింజల్లా ముడతలు పడ్డాయి. ఎడమ మోకాలు వాచి, నిలబడినప్పుడల్లా ఒక పక్కకి ఒరుగుతుంది. తలకి గుడ్డ, నడుముకి నీలం ఏప్రన్. రోజూ గేటు దగ్గర పలకరించే కాపలావాడు కూడా ఆ ఏప్రన్ లేకుండా బజార్లో కనబడితే గుర్తుపట్టడు.

పొద్దుట్నించీ ఆమె మనసు ఒకచోట లేదు. ఇంట్లో టీపొడి కోసం చెయ్యి పెడితే అరలో జామ్ డబ్బా తగల్లేదు. దొంగలు పడ్డారేమోనని తలుపు గొళ్ళెం చూసింది, కిటికీ చూసింది. ఏమీ చెక్కుచెదరలేదు. కొడుకు లువూయో అప్పటికే లేచి మ్యాచ్ చూడ్డానికి వెళ్ళిపోయాడు. డబ్బాలో ఉన్నవి దుకాణాల్లో ఎప్పుడో చెల్లకుండా పోయిన గోధుమరంగు సెంటు నాణేలు. వాటిని ఎవరు ఎత్తుకుపోతారు, ఎందుకు? వాటిలోనే చనిపోయిన భర్త వెలిలే టాస్ నాణెం ఉంది. ఒక పక్క రెండు పిచ్చుకలు, మధ్యలో మేకుతో కొట్టిన చిల్లు. జ్విదే బస్తీలో తమ సందులో ఆటకి ఆయనే అంపైరు. ఆ నాణేన్ని దారంతో మణికట్టుకి కట్టుకుని, టాస్ వేసేటప్పుడు విప్పేవాడు.

"ఆ ఎర్రజుట్టోడి ప్యాంటేది మాబెలే అక్కా? ఇటియ్యి, నీలిమందు డబ్బా మొత్తం గుమ్మరిస్తా. రేపు నీలం కాళ్ళతో ఆడతాడు," అంది పక్కనే పిండుతున్న నొలీతా. ఊళ్ళో అందరూ వుయెల్వాని ఆమె వంశం పేరుతో మాబెలే అనే పిలుస్తారు.

"నోర్ముయ్యవే! ఉద్యోగాలు పోతాయి ఇద్దరికీ."

"పోతే పోనీ. దేశం కాని దేశమొచ్చి దొంగతనం చేసినోడికి ఇస్త్రీ చేసి పెట్టాలా?"

ఎర్రజుట్టోడు అంటే టోబీ. ఇరవయ్యేళ్ళుంటాయి. నిన్న టీ తర్వాత అరచేతిలో నాణెం దాచి, గాల్లో వంగేలా బంతిని ఒక పక్క గీకాడు. కెమెరా పట్టేసింది. సాయంత్రం విలేకరులందరి ముందూ కూర్చుని, తలెత్తకుండా, చేశానని ఒప్పుకున్నాడు. ఆ ముక్కని టీవీలో పొద్దుపోయేదాకా తిప్పి తిప్పి చూపించారు. సందంతా అరిచింది. వుయెల్వాకి మాత్రం వీడి తల్లి ఎక్కడుందో, టీవీ చూస్తోందో లేదో, చూస్తే ఏ గోడకి తల కొట్టుకుంటోందో అన్న దిగులు పట్టుకుంది.

మరో ప్యాంటు తీసింది. నడుంపట్టీ మీద సిరాతో జుకీసా అని రాసుంది. తమ సందులో పుట్టి, తన పొయ్యి దగ్గర కూర్చుని దంచిన మొక్కజొన్నా చిక్కుళ్ళూ తిని, ఇవాళ దేశానికి బంతి వేస్తున్న పిల్లాడు. అతని ప్యాంటంటే ఆమెకి సబ్బు కూడా మెత్తగా పట్టాలనిపిస్తుంది. జేబు బయటికి లాగింది. చేతిరుమాలుతో పాటు ఏదో గట్టిది అరచేతిలో పడింది.

కూల్‌డ్రింకు మూత. సగానికి మడిచి, పళ్ళు బయటికి వచ్చేలా ఎవరో కొట్టారు. పళ్ళ మధ్య ఎర్రతోలు నూగు.

ఆమె గుప్పిట మూసేసింది. నొలీతా చూడలేదు.

అదేమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. సందులో ఏడాదంతా ఒకటే బంతి. దానికి మెరుపు తెప్పించే దారి లేదు కనక ఒక పక్క మూతతో గీకేవారు. రెండు జట్లూ గీకేవి. అందరి కళ్ళముందే, నీ వంతు నా వంతని పోట్లాడుకుంటూ గీకేవారు. వెలిలే నవ్వుతూ చూసేవాడు. కానీ బ్యాటుకి తగిలిన బంతిని తగల్లేదన్నవాడికి మాత్రం మర్నాడు బ్యాటు ఇచ్చేవాడు కాదు. ఇప్పుడీ మూత జేబులో, చేతిరుమాలు కింద, ఎవరికీ కనబడకుండా ఉంది. వస్తువు అదే. దాచుకోవడంతో అది వేరే వస్తువైపోయింది.

మూతని ఏప్రన్ జేబులో వేసుకుంది. అది అక్కడ నిప్పుకణికలా ఉంది.

ఆట మొదలైంది. ఉతుకుగదికి ఒకటే కిటికీ. పైకప్పు కింద, గడ్డి మట్టానికి, ఇనుప వలతో ఉంటుంది. తొట్టి అంచు మీద నిలబడితే బౌండరీ దగ్గరి ఫీల్డర్ల కాళ్ళు కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ ఆమె చూసిన క్రికెట్ మోకాళ్ళ కిందది. మిగతాది అరుపుల్ని బట్టి పోల్చుకోవడమే.

ఇవాళ్టి అరుపులు వేరుగా ఉన్నాయి. తొట్టి ఎక్కింది. టోబీని సరిగ్గా జనం కూర్చునే గడ్డిదిబ్బ ముందు నిలబెట్టారు. అతను అటు నడవగానే స్టాండులోని బాజాబృందం శవాన్ని సమాధికి మోసుకెళ్ళేటప్పుడు పాడే కీర్తన ఎత్తుకుంది. దిబ్బ మీద జనం లేచి, నెమ్మదిగా ఊగుతూ పాడారు. ఆ వెనకే ఏదో టింగుమని కిటికీ వలకి తగిలింది. నాణెం. తర్వాత ఇంకోటి గడ్డిలో పడింది. తర్వాత గుప్పెళ్ళకొద్దీ.

"తీసుకోరా దొంగా! గీక్కో!"

"మీ అమ్మకి కూడా పంపించు, ఏడుపు ఖర్చులకి!"

ఆ రెండో గొంతు ఆమె కన్న కొడుకుది.

జామ్ డబ్బా ఎక్కడికి పోయిందో ఆమెకి తెలిసిపోయింది. నాణెం కంట్లో తగిలితే? కన్ను పోతే? పోలీసులు కుక్కల్ని తీసుకుని దిబ్బ ఎక్కితే? ముందు దొరికేది పొడుగ్గా ఉన్నవాడే, లువూయో మరీ పొడుగు. వలకి మూతి ఆనించి, "ఒరేయ్, లువూయో! దిగరా!" అని అరిచింది. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? విన్నది టోబీ ఒక్కడే. వెనక్కి తిరిగి, నడుం వంచి, గడ్డి మట్టంలో, వల వెనక ఉన్న మొహాన్ని చూశాడు. కనుబొమ పైన చిట్లి సన్నగా నెత్తురు కారుతోంది. తనని తిడుతున్న మరో నోరు అనుకున్నాడేమో, తల తిప్పుకున్నాడు. తర్వాత అలాగే వంగి, గడ్డిలో పడ్డ నాణేలు ఏరుకుని జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. దిబ్బంతా పడీ పడీ నవ్వింది.

"చూశావా బుద్ధి! ముష్టోడు!" అంది నొలీతా వెనకనించి.

లంచ్‌కి మనవాళ్ళ బ్యాటింగ్ అయిపోయి ఆట ఆగగానే వుయెల్వా కుంటుకుంటూ దిబ్బ ఎక్కింది. లువూయో స్నేహితుల మధ్య గ్వీన్యా, నూనెలో వేయించిన పిండిముద్ద, తింటున్నాడు. నూనె గడ్డం మీదికి కారుతోంది.

"మీ నాన్న డబ్బా ఏదిరా?"

"చెల్లని డబ్బులమ్మా అవి. చెల్లనోడికి చెల్లని డబ్బులు!" చుట్టూ నవ్వులు.

"పిచ్చుకల నాణెం ఏం చేశావు?"

"ఏమో. విసిరేటప్పుడు ఏది ఏదని చూస్తామా?"

ఆమె కొడుకుని చెయ్యి పట్టి పక్కకి లాగింది. వీపు జనం వైపు పెట్టి గుప్పిట విప్పింది. మూత చూడగానే వాడి నమలడం ఆగింది.

"ఎక్కడిది?"

"నాకెక్కడ దొరుకుతుంది? జేబులో. ఎవరి జేబో నువ్వే చెప్పు."

వాడు తల్లి గుప్పిట తనే మూసేశాడు. "ఇంకెవరికైనా చూపించావా?"

"చూపిస్తే? వాడి మీదా డబ్బా గుమ్మరిస్తావా?"

"అమ్మా, మనోడు చేస్తే పనితనం. వాళ్ళు చేస్తే దొంగతనం. ఆటంటే అంతే. నువ్వు చూసేదంతా మోకాళ్ళ కింద ఆట, నీకేం తెలుస్తుంది?" గొంతు తగ్గించాడు. "బయట పెట్టావో, మన ఇంటి మీద పెంకు మిగలదు. వెళ్ళు, నీ సబ్బు చూసుకో."

ఆమె దిబ్బ దిగింది. ఇంటి దొంగను దేవుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నవాళ్ళ గతేమిటో ఎవరూ చెప్పరు.

ఉతుకుగది గుమ్మంలో జుకీసా తల వంచి నిలబడి ఉన్నాడు. నొలీతా అతన్ని చూసి నాలుక ఆడిస్తూ కూత పెట్టింది. "మా బంగారమే! ఇవాళ వాళ్ళ కాళ్ళు విరగ్గొట్టు నాయనా!" అతను నవ్వాడు. ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. నొలీతా తువ్వాళ్ళ బుట్ట ఎత్తుకుని పైకి వెళ్ళేదాకా ఆగాడు.

"పిన్నీ, నా నిన్నటి ప్యాంటు జేబులో ఏమన్నా ఉందా?"

"ఏముండాలి నాయనా?"

"ఏం లేదు. పిప్పరమెంటు."

"పిప్పరమెంటైతే కరిగిపోయుంటుంది."

ఆమె తొట్టిలోకి వంగి మళ్ళీ సబ్బు రుద్దసాగింది.

"ఇయ్యి పిన్నీ."

"నిన్నటి నుంచి ప్రతి కెమెరా బంతి పట్టుకున్న చేతినే చూస్తోంది. ఇవాళ ఎర్రజుట్టు, రేపు నువ్వు. ఆ దిబ్బ మీదున్న వాళ్ళు నిన్ను వదులుతారనుకున్నావా? నీకేమన్నా అయితే మీ అమ్మ బతకదు. నేనూ బతకను."

"ఇయ్యమంటున్నానా?"

"డ్రైనులో పడిపోయింది."

అతను ఆమెని పైనించి కిందికి చూశాడు, దారికి అడ్డంగా పెట్టిన బుట్టని చూసినట్టు. "నీ పని ఉతకడం. ఉతుకు," అని వెళ్ళిపోయాడు.

అడుగుల చప్పుడు పోయాక ఆమె జేబులోంచి మూత తీసి డ్రైనులో వదిలింది. అది గొట్టానికి తగులుతూ చాలా దూరం పోయింది.

మధ్యాహ్నమంతా తొట్టి అంచు దిగలేదు. మోకాలు సలుపుతున్నా దిగలేదు. సందుకో మూత దొరికే ఊరిది. జుకీసా మరోటి తెచ్చుకుంటాడేమోనని, ఆ నిమిషానే పట్టుబడతాడేమోనని, ఈల వినబడ్డప్పుడల్లా వలకి మొహం ఆనించి చూసింది. అలాంటిదేం జరగలేదు. గీకని బంతి గాల్లో వంగలేదు, అంతే. బ్యాటు చప్పుడు, వెంటనే గడ్డి మీద దొర్లుకుంటూ కిటికీ ముందు బౌండరీ తాడుకి తగిలే బంతి. మళ్ళీ చప్పుడు, మళ్ళీ బంతి. పొద్దున పాడిన దిబ్బ ముందు గొణిగింది, తర్వాత మూలిగింది, తర్వాత తిట్లు లంకించుకుంది.

ఓవరు ముగించి జుకీసా టోబీ నిలబడ్డ చోటికే వచ్చి నిలబడ్డాడు. ఆ బూట్లు ఆమెకి తెలుసు.

"ఎంతకి అమ్ముడుపోయావురా జుకీసా?"

"పోయి మీ పిన్ని దగ్గర బట్టలుతుకు!"

రెండూ లువూయో గొంతే. చిన్నప్పుడు ఆ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. డబ్బా ఖాళీ అయినట్టుంది, ఈసారి నాణేలు పడలేదు. నారింజ తొక్కలు పడ్డాయి, సగం తాగిన సీసా పడింది. జుకీసా బూటు దాన్ని దిబ్బకేసి తన్నింది. దిబ్బ ఇంకా రెచ్చిపోయింది. అతను కిటికీ వైపు ఒక్కసారి తిరిగాడు. వల వెనక ఆమె ఉందని అతనికి తెలుసు. గడ్డి మీద, సరిగ్గా ఆమె మొహానికి ఎదురుగా, ఉమ్మాడు.

ఇలాగే జరుగుతుందని ఆమెకి ముందే తెలిసినట్టనిపించింది. పట్టుబడకుండా పిల్లాడు పరువుతో బయటపడ్డాడు. అది అతనికి తెలియదు, తెలిసినా క్షమించడు.

సాయంత్రం బుట్టలు కిందికి వచ్చాయి. వాటితో పాటే కబురూ వచ్చింది. నొలీతా చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "ఎర్రజుట్టోణ్ణి పంపించేశారక్కా. ఆట అవగానే వెనక గేటునించి కారులో విమానానికి. వాళ్ళవాళ్ళు ఒక్కరు కూడా గుమ్మం దాకా రాలేదట. ఇంక వాడు ఆడినట్టేనా! పీడ పోయింది. ఆ ప్యాంటు చెత్తలో పారెయ్యి."

వుయెల్వా బుట్టని ముందుకి లాక్కుంది. టోబీ ప్యాంటు బుట్ట అడుగున ఉండచుట్టి ఉంది. మోకాళ్ళకి గడ్డి పసరు, అంచున కనుబొమ నెత్తురు తుడిచిన మరక, తొడ మీద ఎర్రచార. జుకీసా ప్యాంటు పక్కన పెడితే ఏది ఎవరిదో చార చెప్పదు. జేబు బరువుగా ఉంది. బయటికి లాగింది. గోధుమరంగు సెంట్లు నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఒకటి దొర్లుతూ పోయి డ్రైను అంచున ఆగింది.

ఆమె నేల మీద కూలబడి, వాచిన కాలు చాపి, దాన్ని అందుకుంది. పిచ్చుకలు అరిగిపోయాయి గానీ ఉన్నాయి. మధ్యలో చిల్లు ఉంది. దారం లేదు. టోబీ మొహానికి తగిలింది ఇదేనేమో. ఇంకోటేమో. ఏది తగిలినా ఆ డబ్బాలోదే.

"అమ్మా!" లువూయో గుమ్మంలోంచి కేకేశాడు, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో. "కానీ! వ్యాను పోతుంది. ఛీ, ఇవాళంతా శని. ఆ జుకీసా గాణ్ణి జట్టులోంచి పీకేస్తే గానీ బుద్ధి రాదు."

"నువ్వు పద. వస్తా," అంది ఆమె, వాడి వైపు చూడకుండా.

ప్యాంటుని యంత్రంలో వెయ్యలేదు. తొట్టిలో నీళ్ళు మార్చి, చేత్తోనే ఉతికింది. నెత్తురు పోయింది, గడ్డి పసరు చాలావరకు పోయింది. చార పోలేదు, లేత గులాబీ రంగుకి తిరిగి అలాగే నిలిచింది. పిండి, దులిపి, వచ్చినవాళ్ళ తీగ మీద ఆరేసింది. దాన్ని అడిగి తీసుకునేవాళ్ళు రేపు ఎవరూ రారని ఆమెకి తెలుసు. అయినా క్లిప్పులు పెట్టింది. తర్వాత నాణేన్ని ఏప్రన్‌తో తుడిచి, టోబీ ప్యాంటు తడి జేబులో వేసి, దీపం ఆర్పి బయటికి నడిచింది.

కిటికీ వలలోంచి వచ్చే సముద్రపు గాలికి ఆ ఒక్క ప్యాంటు నెమ్మదిగా తిరుగుతోంది. తడి తెల్లగుడ్డ కింద నాణెం గుండ్రంగా, నడుమ చిల్లుతో సహా, బయటికి కనిపిస్తోంది.